తీరగ్రామములలో తీయని నీటి జాడ
విహారస్థలములుగా పేరొందుచున్న సముద్రతీరమున త్రాగునీటి వనరులను కనుగొనుట, కాపాడుట

ఉత్తరమున శ్రీకాకుళము మొదలు దక్షిణమున నెల్లూరు, తిరుపతి జిల్లాల వరకు సుమారు వేయి కిలోమీటర్ల సముద్రతీరము మన రాష్ట్రమునకు కలదు. ఆ తీరమున నివసించు జనులకు సముద్రము అన్నము పెట్టుచున్నది. కాని ఎదుట అంతులేని జలరాశి యున్నను, గుక్కెడు త్రాగునీటి కొరకు బిందెలతో బారులు తీరవలసిన గ్రామములు నేటికిని తీరమున కొన్ని యున్నవి.

ఇటీవలి కాలమున ఈ గ్రామములకు మరియొక బరువు వచ్చిపడినది. ఋషికొండ, భీమునిపట్నము, అంతర్వేది, పేరుపాలెము, మంగినపూడి, సూర్యలంక, వాడరేవు, రామాపురము, కొత్తపట్నము, మైపాడు వంటి తీరములకు సెలవుదినములందు వేలకొలది యాత్రికులు వచ్చుచున్నారు. వారి రాకవలన గ్రామమునకు ఆదాయము వచ్చును. యువకులకు పని దొరకును. ఇది సంతోషింపదగినదే. అయితే వచ్చినవారందరు నీరు త్రాగుదురు, స్నానము చేయుదురు. వారి కొరకు వెలసిన వసతిగృహములు బోర్లు వేయును. ఆ బోర్లు తోడునది గ్రామస్థుల బావులకు ఆధారమైన నీటినే. ఒకసారి ఆ నీరు ఉప్పనైనచో, దానిని తిరిగి తీయగా చేయుటకు ఏండ్లు పట్టును.

దాహము వేసినప్పుడు బావి త్రవ్విన చందమున కాక, ముందుగానే నీటి జాడ తెలిసికొని, దాని కొలత నెరిగి, కాపాడుకొనుట పంచాయతీల కర్తవ్యము. భూగర్భజల శాస్త్రజ్ఞులు చెప్పు విషయములను పంచాయతీ సభ్యులకు ఉపయోగపడు రీతిలో ఇచట వివరింప దలచినాము.

ఇసుక క్రింద తీయని నీరు ఎట్లు నిలుచును?

సముద్రమునకు పది అడుగుల దూరమున చెలమ త్రవ్వినను ఒక్కొక్కచోట తీయని నీరు ఊరును. దీనిని కొందరు దైవమహిమ యందురు. ఇందలి కారణము సులభముగా తెలియునదే.

వానకాలమున ఇసుకదిబ్బలపై కురిసిన నీరు నేలలోనికి ఇంకును. అట్లు ఇంకిన నీరు సముద్రపు నీటి కంటె తేలిక. ఒక లీటరు మంచినీరు వేయి గ్రాములు తూగిన, ఒక లీటరు సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు తూగును. ఈ స్వల్పభేదము చేతనే వాననీరు భూమిలోపల ఉప్పునీటిపై తేలుచు, నడుమ లావుగాను అంచులయందు పలుచగాను ఒక కటకము వలె నిలిచియుండును.

ఈ నియమమును నెదర్లాండ్సుకు చెందిన బాడన్ గీబెన్, జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ అను ఇంజనీర్లు పందొమ్మిదవ శతాబ్దము చివరను, ఇరువదవ శతాబ్దము మొదటను వేర్వేరుగా కనుగొనిరి. దాని సారాంశ మిది: సముద్రమట్టము కంటె భూజలమట్టము ఒక మీటరు ఎత్తుగా నున్నచోట, సముద్రమట్టమునకు దిగువ సుమారు 40 మీటర్ల వరకు తీయని నీరు ఉండగలదు. ఇది లెక్కప్రకారము వచ్చు సంఖ్య. వాస్తవమున తీయని నీటికిని ఉప్పునీటికిని నడుమ రెండును కలిసిన పొర యొకటి యుండును. కావున త్రాగదగిన నీరు ఈ లెక్క కంటె తక్కువ లోతు వరకే దొరకును.

ఉప్పునీరు పైకి వచ్చు విధము

పై నియమమును తిరుగవేసి చూచిన అపాయ మెచట నున్నదో తెలియును. బావిలో నీటిమట్టము ఒక మీటరు దిగిపోయినచో, అడుగున నున్న ఉప్పునీరు 40 మీటర్ల వరకు పైకి వచ్చుటకు అవకాశము కలుగును. పెద్ద మోటారుతో ఒకేచోట గంటల తరబడి నీరు తోడినప్పుడు బోరు క్రింద ఉప్పునీరు చీమలపుట్ట ఆకారమున పైకి లేచి, చివరకు పైపులోనికి చేరును. మోటారు ఆపిన వెంటనే అది క్రిందికి దిగదు. తోడుట ఒక దినము. తేరుట అనేక మాసములు.

ఉప్పు ఎంత స్వల్పముగా కలిసినను త్రాగునీరు చెడును. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35,000 మిల్లీగ్రాముల లవణములు, అందు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడు ఉండును. భారత ప్రమాణముల సంస్థ 2012లో ప్రకటించిన త్రాగునీటి ప్రమాణము ప్రకారము క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములకు మించరాదు. వేరు ఆధారము లేనప్పుడు మాత్రమే 1,000 వరకు అనుమతింపవచ్చును. నూరు లీటర్ల మంచినీటిలో ఒక లీటరు సముద్రపు నీరు కలిసినచో క్లోరైడు సుమారు 190 మిల్లీగ్రాములు పెరుగును. ఐదు లీటర్లు కలిసినచో సుమారు 900 మిల్లీగ్రాములు పెరుగును. అనగా నూటికి ఐదు పాళ్లు సముద్రము బావిలో ప్రవేశించిన, ఆ బావి ఇంచుమించు త్రాగుటకు పనికిరాకుండ పోవును.

ఇది కేవలము ఊహ కాదు. చెన్నై నగరమునకు ఉత్తరమున మీంజూరు ప్రాంతమున నగరావసరములకు, పరిశ్రమలకు, సేద్యమునకు గత శతాబ్దమున విరివిగా భూజలము తోడుటచేత సముద్రపు నీరు భూగర్భమున అనేక కిలోమీటర్లు లోపలికి చొచ్చుకొని వచ్చినది. ఆ మీంజూరు సమీపముననే 2010లో సముద్రపు నీటిని శుద్ధిచేయు పెద్ద కర్మాగారము స్థాపింపవలసి వచ్చినది. అట్టి ఖర్చును ఒక మహానగరము భరింపగలదు గాని ఒక చిన్న పంచాయతీ భరింపలేదు.

తీరమంతయు ఒక్కరీతి కాదు

ఒక ఊరిలో పనికివచ్చిన ఉపాయము మరియొక ఊరిలో పనికిరాకపోవచ్చును. కారణము నేల తీరు.

విశాఖపట్నము, భీమునిపట్నము ప్రాంతములలో తూర్పుకనుమల శిలలు సముద్రపు టంచు వరకు వచ్చినవి. అచట నీరు శిథిలమైన రాతిపొరయందును, దాని క్రింది గట్టిరాతి పగుళ్లయందును మాత్రమే నిలుచును. పగులు దొరకినచో నీరు పడును. పది అడుగుల ప్రక్కన పొడిరాయి తగులవచ్చును. పగులు సముద్రమునకు కలిసియున్నచో ఉప్పునీరే వచ్చును. ఈ ప్రాంతముననే గల ఎర్రమట్టి దిబ్బలు ఇసుకతో ఏర్పడినవి గనుక వాననీటిని లోనికి దిగనిచ్చును. అట్టి దిబ్బలు చూచుటకు వింతయే గాక నీటిని ఇముడ్చుకొను స్థలములు కూడ.

గోదావరి, కృష్ణా డెల్టాలలో ఒండ్రుమట్టి మిక్కిలి లోతుగా నున్నది. ఇచట లోతుగా త్రవ్విన మంచినీరు పడునను నమ్మకము పలుచోట్ల పొరపాటు. సముద్రము లోపలి దాక యున్న ప్రాచీనకాలమున చిక్కుకొనిన ఉప్పునీరు క్రింది పొరలలో నేటికిని నిలిచియున్నది. తీయని నీరు పైపొరలలోనే, ముఖ్యముగా నదులు పూర్వము ప్రవహించి విడిచిన పాత పాయలయందును, సముద్రము వెనుకకు పోవునప్పుడు తీరమునకు సమాంతరముగా ఏర్పడిన ఇసుకమెరకలయందును ఉండును. డెల్టా గ్రామములలో మెరకమీద ఊరును, పల్లమున పర్రభూములును ఉండుట మీరు చూచియే యున్నారు. పూర్వులు మెరకమీద ఇండ్లు కట్టుకొనుటకు వరదభయముతో పాటు మంచినీరు కూడ ఒక కారణము.

మచిలీపట్నము వద్ద మంగినపూడి తీరమున ఇసుకకు బదులు నల్లని బంకమట్టి కనిపించును. బంకమట్టి నీటిని నిలుపుకొనును గాని బావికి విడువదు. అట్టిచోట తీరపు టంచున వెదకుట కంటె, వెనుకనున్న ఇసుకమెరకలయందు వెదకుట మేలు. బాపట్ల, చీరాల మొదలు నెల్లూరు వరకు గల తీరమున ఇసుకదిబ్బలు విరివిగా నున్నవి. దొరువుల ఆధారముతో సేద్యము సాగిన ప్రదేశము లివియే.

వెదకుట యెట్లు?

మొదటి మెట్టు గ్రామములోని పాత బావుల లెక్క. ఏ బావి నీరు పప్పు ఉడుకుటకు పనికివచ్చును, ఏ బావి నీటిలో సబ్బు నురుగు రాదు, ఏ బావి వేసవిలో చవుడుదేరును అను విషయములు గ్రామవృద్ధులకును, నిత్యము నీరు మోయు స్త్రీలకును తెలిసినంతగా మరియెవరికిని తెలియవు. ఈ వివరముల నన్నింటిని ఒక పటముపై గుర్తింపవలయును. చెట్లు కూడ కొంత తెలుపును. మడచెట్లు, ఉప్పుమొక్కలు పెరుగుచోట నేల ఉప్పుతో నిండియున్నదని గ్రహింపవచ్చును. సుమారు పదునాలుగు వందల యేండ్ల క్రిందట వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమున చెట్లను, పుట్టలను చూచి నీటి జాడ తెలిసికొను లక్షణములను వివరించినాడు. అవి వెదకుటకు తావు చూపును గాని, నీటి రుచిని నిర్ణయింపజాలవు. అరచేతిలో కొబ్బరికాయ నిలుపుట, పంగలకర్ర పట్టుట వంటి పద్ధతులకు శాస్త్రపరీక్షలో ఋజువు దొరకలేదు. వానిని నమ్మి ప్రజాధనమును వెచ్చించుట తగదు.

రెండవ మెట్టు ఉప్పు కొలుచుట. నీటిలో లవణము లెక్కువైన కొలది విద్యుత్తు సులభముగా ప్రవహించును. దీనిని కొలుచు చేతిపరికరము చిన్నది, వాడుట సులభము. ఆ పరికరమున విద్యుద్వాహకత 750 చూపిన లవణములు లీటరుకు సుమారు 500 మిల్లీగ్రాములనియు, 3,000 చూపిన సుమారు 2,000 మిల్లీగ్రాములనియు ఎంచవచ్చును. మొదటిది కోరదగిన హద్దు. రెండవది గత్యంతరము లేనప్పటి హద్దు. ప్రతి బావిని వేసవి చివరను, వానలు వెలిసిన తరువాతను రెండుమారులు కొలువవలయును. వానల తరువాత ఒక్కమారే కొలిచి సంతృప్తి పడినచో, మే మాసమున మోసపోవుదుము.

మూడవ మెట్టు భూమిపై నుండి చేయు విద్యుత్ పరీక్ష. నేలలో నాలుగు ఇనుప మేకులు పాతి, రెండింటిద్వారా విద్యుత్తును పంపి, తక్కిన రెండింటి నడుమ దాని బలమును కొలుచుదురు. మేకుల దూరమును పెంచిన కొలది మరింత లోతునందలి పొరల వివరము తెలియును. ఉప్పునీటితో తడిసిన ఇసుక విద్యుత్తును మిక్కిలి సులభముగా పోనిచ్చును. తీయని నీరు గల ఇసుక అంతగా పోనీయదు. అయితే బంకమట్టియు విద్యుత్తును సులభముగా పోనిచ్చును. కావున ఈ పరీక్ష ఒక్కటే చాలదు. అందుచేత పాత బావుల వివరములతోను, త్రవ్వి తీసిన మట్టితోను సరిపోల్చి నిర్ణయింపవలయును. ఈ పరీక్ష కొరకు రాష్ట్ర భూగర్భజల శాఖకు పంచాయతీ తీర్మానముతో వ్రాసికొనవచ్చును. 1970లో ఏర్పడిన కేంద్ర భూగర్భజల మండలి యొద్ద కూడ తీరజిల్లాల పరిశోధక బోర్ల వివరములు లభించును.

నాలుగవ మెట్టు పరీక్షబోరు. శాశ్వతమైన బోరు వేయుటకు ముందు చిన్న బోరు వేసి, ప్రతి మూడు మీటర్లకును మట్టిని తీసి వరుసగా పేర్చి, పొర మారినచోటనెల్ల గుర్తింపవలయును. నడుమ ఉప్పునీటి పొర తగిలినచో దానిని బంకమట్టితో గాని సిమెంటుతో గాని గట్టిగా మూసివేయవలయును. అట్లు మూయక విడిచిన బోరు పైపొరలోని తీయని నీటిని కూడ చెరచును. పనికిరాదని విడిచిన బోరును సైతము పూడ్పించుట పంచాయతీ మరువరాని పని. అది పిల్లల ప్రాణములకు కూడ రక్ష.

ఐదవ మెట్టు తోడి చూచుట. నీరు పడినదని టెంకాయ కొట్టి వెళ్లిపోరాదు. ఒక దినమంతయు ఎడతెగక తోడుచు, ప్రతి గంటకును నీటిమట్టమును, ఉప్పును వ్రాసికొనవలయును. మొదటి గంటలో తీయగా నున్న నీరు పదవ గంటలో ఉప్పుదేరుచున్నచో, ఆ బోరునకు అంత మోటారు తగదని అర్థము. మోటారును తగ్గించి మరల పరీక్షింపవలయును.

చివరిది ప్రయోగశాల పరీక్ష. తీయగా నున్నదంతయు మంచినీరు కాదు. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకును, నైట్రేటు 45 మిల్లీగ్రాములకును మించరాదు. రోగక్రిములు అసలే ఉండరాదు. నాలుకకు ఇవి తెలియవు. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు నమూనా పంపి, వ్రాతపూర్వకమైన ఫలితమును గ్రామమున ప్రకటింపవలయును.

లోతు కాదు, వెడల్పు

ఇసుకతీరమున మేలైన బావి యేదన, ఉప్పునీటిని కదల్పక పైనున్న తీయని నీటిని మీగడ వలె తీయగల బావి. మన పూర్వులు ఈ సంగతిని అనుభవముచే ఎరిగి దొరువులను త్రవ్విరి. దొరువు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. కావడితోను కుండలతోను తోడినంతకాలము దానిలో నీరు ఉప్పుదేరలేదు. ఆయిల్ ఇంజన్లు, మోటార్లు వచ్చి, అదే దొరువులో గంటల తరబడి తోడుట మొదలైన తరువాత కష్టములు వచ్చినవి.

బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఈ దొరువునే మెరుగుపరచి, సేద్యము కొరకు ఒక పద్ధతిని రూపొందించిరి. నడుమ సిమెంటు వరలతో ఒక బావి నిర్మింతురు. దాని నుండి ప్రక్కలకు, తక్కువ లోతున, రంధ్రములు గల ప్లాస్టిక్ గొట్టములను అడ్డముగా పరచి, వానికి వలగుడ్డ చుట్టి, పైన ఇసుక కప్పుదురు. నీరు ఒకచోట నుండి గాక, విశాలమైన నేల నుండి కొంచెము కొంచెముగా ఊరి బావిలోనికి చేరును. అందుచేత ఏ ఒక్కచోటను నీటిమట్టము ఎక్కువగా దిగదు, ఉప్పునీరు లేవదు. పైన నేల కప్పబడి యుండుటచే స్థలమును వృథా కాదు.

త్రాగునీటికి కూడ ఈ సూత్రమే వర్తించును. ఒక లోతైన బోరునకు పెద్ద మోటారు బిగించుటకు బదులు, దూరదూరముగా నాలుగైదు తక్కువ లోతు బావులు నిర్మించి, వంతులవారీగా చిన్న మోటార్లతో తోడి ఎత్తైన ట్యాంకు నింపుట క్షేమకరము. అయితే తక్కువ లోతు బావికి మురికి సులభముగా చేరును. కావున పైన మూత, చుట్టును సిమెంటు చప్టా, నిత్యము క్లోరినుతో శుద్ధి తప్పనిసరి. వేయి లీటర్ల నీటికి సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి చాలును. రెండు మీటర్ల వెడల్పున, రెండు మీటర్ల లోతు నీరున్న గుండ్రని బావిలో సుమారు 6,280 లీటర్లుండును. దానికి 16 గ్రాముల పొడి వేయవలయును. వేసిన గంట తరువాతనే నీరు వాడవలయును.

ఎంత తోడవచ్చును? – ఒక లెక్క

పంచాయతీ సభ్యులు ముఖ్యముగా ఎరుగవలసినది ఈ లెక్క. ఉదాహరణకు ఒక తీరగ్రామమును ఊహింతము. జనసంఖ్య 800, మంచినీటికి ఆధారమైన ఇసుకదిబ్బ విస్తీర్ణము 40 హెక్టార్లు, సాలుకు వర్షపాతము 1,000 మిల్లీమీటర్లు.

ఒక హెక్టారుపై కురిసిన నీరు కోటి లీటర్లు. తూర్పుతీరపు ఒండ్రు ప్రాంతములలో కురిసిన వానలో నూటికి 16 పాళ్లు భూమిలో ఇంకునని భూజల అంచనా సంఘము 1997లో సూచించినది. అనగా హెక్టారుకు 16 లక్షల లీటర్లు. 40 హెక్టార్లకు 6 కోట్ల 40 లక్షల లీటర్లు. ఇందు సగము సముద్రమువైపు ప్రవహించుచు ఉప్పునీటిని వెనుకకు నెట్టుటకు విడువవలయునని అనుకొందము. మిగిలిన సగమును 365 దినములకు పంచిన, దినమునకు సుమారు 87,600 లీటర్లు తోడవచ్చును.

2019లో ప్రారంభమైన జలజీవన్ పథకము ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలయును. 800 మందికి 44,000 లీటర్లు. ఇక వసతిగృహముల సంగతి చూతము. కట్టడముల ప్రమాణముల ప్రకారము బస యొక్క ప్రతి పడకకు దినమునకు 180 లీటర్లు, భోజనశాలలో ప్రతి ఆసనమునకు 70 లీటర్లు లెక్కింతురు. 60 పడకలు, 40 ఆసనములు గల ఒక హోటలుకు 13,600 లీటర్లు కావలయును. ఇది 247 మంది గ్రామస్థుల నీటికి సమానము.

గ్రామమునకు 44,000 పోగా, అట్టి హోటళ్లు మూడింటికి 40,800 లీటర్లు సరిపోవును. నాల్గవదానికి అనుమతి యిచ్చినచో లెక్క దాటును. ఇది మంచి వానలు పడిన సంవత్సరపు మాట. వర్షము 700 మిల్లీమీటర్లే పడిన సంవత్సరమున దినమునకు దొరకునది సుమారు 61,300 లీటర్లు మాత్రమే. అప్పుడు గ్రామమునకును ఒక్క హోటలుకును మాత్రమే చాలును. రెండవది కూడ భారమే. పశువుల నీరు, తోటల నీరు ఇందు చేర్చనేలేదు. కావున అనుమతులు ఇచ్చునప్పుడు మంచి సంవత్సరమును గాక, కరువు సంవత్సరమునే ప్రమాణముగా తీసికొనవలయును. ఇది ఉజ్జాయింపు లెక్క. మీ గ్రామమునకు సరియైన అంకెలు భూగర్భజల శాఖవారు నిర్ణయించి ఇత్తురు.

ఈ లెక్కవలన యాత్రికులు రారాదని మా అభిప్రాయము కాదు. హోటళ్లవారు పైకప్పుపై పడిన వాననీటిని నిలువచేసికొనవచ్చును. స్నానపు నీటిని శుద్ధిచేసి తోటలకు వాడవచ్చును. సమగ్ర రక్షిత మంచినీటి పథకముల వలన నదీజలము లభించుచోట తమ ఖర్చుతో దానిని తెప్పించుకొనవచ్చును. ఉప్పునీటిని యంత్రములచే శుద్ధిచేసికొనువారు, మిగిలిన చిక్కని ఉప్పునీటిని దిబ్బలపై గాని మురుగుగుంటలలో గాని వదలరాదు. అట్లు వదలినచో అది తిరిగి గ్రామపు బావులనే చేరును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

73వ రాజ్యాంగ సవరణ, 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము త్రాగునీటి బాధ్యతను గ్రామపంచాయతీలకు ఒప్పగించినవి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము క్రింద బావులను నమోదు చేయవలయును. క్రొత్త బావులకు అనుమతి పొందవలయును. ప్రజల త్రాగునీటి ఆధారమునకు 250 మీటర్ల లోపల అనుమతి లేనిదే క్రొత్త బావి త్రవ్వరాదు.

తీరప్రాంత నియంత్రణ మండల ప్రకటన మొదట 1991లో వెలువడినది. 2011లోను, 2019లోను మార్చిన రూపములు వచ్చినవి. 2011 ప్రకటనలో పోటునీటి హద్దు నుండి 200 మీటర్ల లోపల స్థానికులు నివసించుచోట వారి వాడుకకు మాత్రమే భూజలము తోడుటకును, 200 నుండి 500 మీటర్ల వరకు వేరు ఆధారము లేనప్పుడు సామాన్యమైన బావుల నుండి చేతితో తోడుటకును అవకాశ మీయబడినది. ఈ నియమముల వెనుక నున్న ఉద్దేశము స్పష్టము: తీరపు టంచున నున్న నీరు మొదట అచటి జనులది. మీ గ్రామమున ఏ భాగమునకు ఏ నియమము వర్తించునో జిల్లా అధికారుల నుండి వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు.

దొరకిన నీటిని కాపాడుట

నీటికి మూలము దిబ్బ. ఇసుకను తవ్వి తరలించినచో వాననీరు నిలుచు పాత్ర చిన్నదగును. తీయని నీరు పలుచబడును. కావున దిబ్బలను చదును చేయుటకు, ఇసుక తోలుటకు పంచాయతీ సమ్మతింపరాదు. సరుగుడు, జీడిమామిడి తోటలు ఇసుక కొట్టుకొనిపోకుండ నిలుపును గాని, నీటిబావుల ప్రక్కననే దట్టముగా నాటరాదు. చెట్లును నీరు త్రాగును గదా.

మరుగుదొడ్ల గుంటలు బావికి కనీసము 15 మీటర్ల దూరమున, నీరు ప్రవహించు దిశకు దిగువను ఉండవలయును. ఇసుక నేలలో మురికి త్వరగా ప్రాకును గనుక ఇంకను ఎక్కువ దూరము మేలు. సెలవుదినములలో వచ్చు జనసందోహమునకు తగిన మరుగుదొడ్లు లేనిచోట, ఆ మాలిన్యమంతయు ఇసుకలోనే ఇంకి బావులను చేరునని మరువరాదు. ఉప్పునీటి రొయ్యల చెరువులు కూడ ప్రక్కనున్న మంచినీటి బావులను చెరచగలవు. తీరమున రొయ్యల పెంపకమును గూర్చి సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో త్రాగునీరు ఉప్పుదేరుట ఒక ముఖ్యవిషయముగా చర్చింపబడినది.

ఉప్పెన వచ్చినప్పుడు సముద్రము పైనుండియే బావులలో ప్రవేశించును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను పెద్దలు మరువలేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో కూడ అనేక తీరములలో బావులు ఉప్పుదేరినవి. అట్టి సమయమున బావిలోని ఉప్పునీటిని ఒకటి రెండుమారులు తోడి శుభ్రపరచుట మంచిదే. కాని తీయని నీరు వచ్చు వరకు తోడుదమని ఎడతెగక తోడినచో, అడుగునున్న ఉప్పునీరు కూడ పైకి వచ్చి నష్టము రెట్టింపగును. సునామీ అనంతరము నిపుణులు చెప్పిన హితవు ఇదియే: బావిని కొంతకాలము విశ్రమింపనిచ్చి, వానలు ఉప్పును కడుగుటకు వ్యవధి నీయవలయును; అంతవరకు బయటినుండి నీరు తెప్పించుకొనవలయును.

పంచాయతీలు వెంటనే చేయదగిన పనులు

1. గ్రామములోని ప్రతి బావిని, దొరువును, బోరును, హోటళ్ల బోర్లతో సహా, ఒక పుస్తకమున నమోదు చేయుడు.

2. మే మాసమునను, నవంబరు మాసమునను ప్రతి బావి నీటిమట్టమును, ఉప్పును కొలిపించి, పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. ఈ పనికి పాఠశాల విద్యార్థులను, మహిళా సంఘములను తోడు చేసికొనుడు.

3. భూగర్భజల శాఖవారిచే విద్యుత్ పరీక్ష చేయించి, త్రాగునీటికి ప్రత్యేకింపదగిన దిబ్బను నిర్ణయించి, గ్రామసభలో తీర్మానింపుడు.

4. క్రొత్త వసతిగృహము నిర్మింపదలచినవారు నీరు ఎచట నుండి, ఎంత తెత్తురో, మురుగు ఎచట విడుతురో వ్రాసి యిచ్చిన తరువాతనే పంచాయతీ అభిప్రాయము తెలుపుడు.

5. మేలోని కొలతలలో ఏ బావియందైన వాహకత ఏటేట పెరుగుచున్నచో, వెంటనే దాని చుట్టునున్న మోటార్ల వాడుకను తగ్గించుటకు అధికారులకు తెలియజేయుడు. నీరు నోటికి ఉప్పగా తోచువరకు ఆగినచో ఆలస్యమగును.

ఈ పనులలో మొదటి రెండింటికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక చిన్న పరికరము, క్రమము తప్పని శ్రద్ధ చాలును. భూమిలోపలి నీరు కంటికి కనబడదు గనుక, అది తరుగుచున్న సంగతియు కంటికి కనబడదు. కనబడని సొమ్మునకు లెక్క వ్రాసిన వానికే అది దక్కును. యాత్రికులు రెండు దినములుండి వెళ్లిపోవుదురు. సముద్రపు గాలిలో పుట్టి పెరిగిన బిడ్డలు ఆ బావుల నీటినే త్రాగి బ్రతుకవలయును. వారి పాలిటి నీటిబొట్టును నిలుపు అధికారము నేడు పంచాయతీ సభ్యులైన మీ చేతులలో నున్నది. వచ్చు వేసవికి ముందే ఈ లెక్కను మొదలు పెట్టుదురు గాక.